మడత చాకు కలల డిజైన్లు: ఉక్కుకు కొదవ లేదు, చిక్కంతా కీలు దగ్గరే

క్లుప్తంగా

మడత చాకు డిజైన్ గీసేవాళ్లు ముందు బ్లేడు గీస్తారు, తర్వాత పిడి గీస్తారు. ఆ చాకు పనికొస్తుందా లేదా అన్నది మాత్రం ఆ రెండూ కలిసే కీలు దగ్గర తేలుతుంది. ఉత్తర తెలంగాణకు ఉక్కు చరిత్ర ఉంది, పెంబర్తి ఇత్తడి పని ఉంది, కొలిమి తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. సన్నని స్ప్రింగును వెంట్రుకవాసి తేడా రాకుండా కూర్చే అలవాటు మాత్రం ఇక్కడ పెరగలేదు. అందుకే ఇక్కడ ముందుగా నిలబడగల డిజైన్ స్ప్రింగు లేని తోక చాకు, అంటే బ్లేడు మొదలు నుంచి పొడుచుకొచ్చిన చిన్న తోకను బొటనవేలితో నొక్కి వాడే చాకు.

కాగితం మీద చాకు, జేబులో చాకు

మడత చాకుల మీద ఇష్టం ఉన్నవాళ్లు వరంగల్ పేరు తలచుకుని బొమ్మ గీస్తే అందులో కొన్ని సంగతులు తప్పకుండా ఉంటాయి. పిడి మీద కాకతీయ తోరణం, బ్లేడు మీద నీటి అలల్లాంటి గీతలు, రెండు కొసలా ఇత్తడి తొడుగు, మధ్యలో కొమ్ము లేదా నల్లచేవ కర్ర. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆ బొమ్మ పట్టుకుని కొలిమి దగ్గరికి పోతే బ్లేడు కొట్టడానికి ఇబ్బంది ఉండదు. మడత దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోతుంది.

ఇందుకు కమ్మరి చేతిలో నేర్పు తక్కువై కాదు. నాగలి కర్రు, కొడవలి, గొడ్డలి, కల్లుగీత కత్తి, వీటన్నిటిలో బ్లేడు పిడికి గట్టిగా బిగిసి ఉంటుంది. మడత చాకులో బ్లేడు కదలాలి, కానీ ఊగకూడదు. తెరిస్తే నిలవాలి, మూస్తే వాదర ఎక్కడా తగలకుండా లోపల పడుకోవాలి. ఒకే వస్తువు నుంచి ఇన్ని కోరుకోవడం వల్ల ఇది కత్తికన్నా తాళానికి దగ్గరి పని అవుతుంది.

అవసరం మాత్రం కొత్తది కాదు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా కుట్టు తెంపాలన్నా, చెలక దగ్గర డ్రిప్ పైపు కోయాలన్నా, మామిడికి అంటు కట్టాలన్నా, మధ్యాహ్నం రొట్టెలోకి ఉల్లిగడ్డ కోసుకోవాలన్నా జేబులో పట్టే చాకే కావాలి. ఇప్పుడు ఆ పని చేస్తున్నవి ఎక్కువగా చవక స్టీలు చాకులు. కలల డిజైన్ నిజమవ్వాలంటే ఈ పనులకు వాటికన్నా బాగా పనికిరావాలి. అద్దాల అరలో పెట్టుకునే చాకుకు వేరే కొలతలు ఉంటాయి, దాని సంగతి ఇక్కడ చర్చించడం లేదు.

మడతలో దాగిన లెక్క

మడత చాకులో బ్లేడు పొడవును పిడే నిర్ణయిస్తుంది. పిడి 10 సెంటీమీటర్లు అనుకుందాం. కీలు మేకు పిడి చివర నుంచి దాదాపు ఒక సెంటీమీటరు లోపలికి ఉండాలి, లేకపోతే అక్కడి లోహం చిరిగిపోతుంది. అవతలి చివర మొన దాక్కోవడానికి కొన్ని మిల్లీమీటర్లు వదలాలి. బ్లేడు మొదలు కొంత పిడిలోనే ఉండిపోతుంది. చివరికి కోతకు మిగిలే వాదర ఏడున్నర సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. పొడవైన బ్లేడు, పొట్టి పిడి ఉన్న బొమ్మ కంటికి ఎంత బాగున్నా మడిచినప్పుడు మొన బయటికి పొడుచుకొస్తుంది.

వెడల్పు విషయంలోనూ ఇంతే. వెన్నుస్ప్రింగు, అంటే పిడి వెన్నులో బిగించిన ఉక్కు పట్టీ ఉన్న చాకులో పిడి వెడల్పు 20 మిల్లీమీటర్లు ఉంటే అందులో నాలుగైదు మిల్లీమీటర్లు స్ప్రింగుకే పోతాయి. మూసినప్పుడు వాదర ఆ స్ప్రింగుకు తగలకూడదు. తగిలితే చాకును మూసిన ప్రతిసారీ పదును కాస్త కాస్త చచ్చిపోతుంది. వాడినవాడికేమో ఉక్కు మంచిది కాదనిపిస్తుంది. అసలు తప్పు కొలతలో ఉంది.

కొడవలిలా లోపలికి వంగిన బ్లేడు తోటపనికి ఎంతో అనువు. తీగ, కొమ్మ, పురికొస జారకుండా ఆ వంపులో పడి తెగుతాయి. కానీ వంపు బ్లేడు మడిస్తే దాని మొన పిడి అడుగుకు దిగుతుంది కాబట్టి పిడి కూడా వంపుగానే ఉండాలి. తోటపని కోసం చేసే మడత చాకుల పిడి వంగి ఉండటానికి చేతి పట్టు ఒక కారణమైతే ఈ లెక్క రెండోది.

దీన్ని పరీక్షించడానికి ఖర్చేమీ లేదు. పెళ్లిపత్రిక అట్ట మీద బ్లేడు, పిడి విడివిడిగా గీసి కత్తిరించి, కీలు ఉండే చోట గుండుపిన్ను గుచ్చి తిప్పి చూడాలి. మొన ఎక్కడ పడుతోంది, వాదర ఎక్కడ ఆనుతోంది, గోటితో తెరవడానికి బ్లేడు వెన్ను ఎంత బయటికి ఉంటోంది అన్నవి వెంటనే కనిపిస్తాయి. చాలా బొమ్మలు ఈ అట్టముక్క దగ్గరే ఓడిపోతాయి. ఇనుము ఎర్రగా కాలకముందే ఓడిపోతే అంత మంచిది.

కీళ్లలో రకాలు

సంప్రదాయ మడత చాకుల్లో బ్లేడును నిలబెట్టే పద్ధతులు ప్రధానంగా మూడు. డిజైన్ గీసేవాళ్లకు ఎక్కువ గందరగోళం ఇక్కడే.

మొదటిది వెన్నుస్ప్రింగు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నుంచి లోకమంతా పాకిన జేబు చాకుల్లో ఎక్కువ ఈ రకమే. పిడి వెన్నులో ఒక ఉక్కు పట్టీ బిగించి ఉంటుంది. దాని కొస బ్లేడు మొదలును ఎప్పుడూ నొక్కుతూనే ఉంటుంది. ఆ మొదలు గుండ్రంగా ఉండదు, చదును పక్కలతో ఉంటుంది. తిప్పుతుంటే మూల వచ్చినప్పుడు స్ప్రింగు పైకి లేస్తుంది, చదును వచ్చినప్పుడు టక్కున దిగి పట్టుకుంటుంది. చాకు తెరిచినప్పుడు వినిపించే ఆ టక్కుమనే శబ్దాన్నే ఇష్టపడేవాళ్లు మంచి చాకుకు గుర్తుగా చెప్పుకుంటారు.

ఇది తాళం కాదు, ఒత్తిడి మాత్రమే. బ్లేడు వెన్ను మీద గట్టిగా తోస్తే అది మడత పడుతుంది. కోతకు ఇది చాలు, పొడిచి తిప్పే పనికి చాలదు. బాగా చేసిన చాకులో తెరిచినా, సగం మడిచినా, మూసినా స్ప్రింగు వెన్ను పిడితో సమానంగా ఉండాలి. అలా ఉండాలంటే కీలు మధ్య నుంచి మూడు చదునులకూ దూరం ఒకటే కావాలి. పదో వంతు మిల్లీమీటరు తేడా వచ్చినా బొటనవేలు రాస్తే తెలిసిపోతుంది. పని నేర్చినవాళ్లు కూడా ఆకురాయితో రెండు గీపులు గీకి, కూర్చి చూసి, మళ్లీ విప్పి గీకుతూ పోతారు.

రెండోది ఉంగరం లాక్. ఫ్రాన్స్‌లో సవోయ్ ప్రాంతపు జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన రైతు చాకుకు మొదట కర్ర పిడి, ఒక కీలు తప్ప ఏమీ లేవు. 1955లో కీలు దగ్గర తిరిగే ఉక్కు ఉంగరం చేర్చారు. ఉంగరం చీలిక బ్లేడుకు ఎదురుగా ఉంటే చాకు మడత పడుతుంది, పక్కకు తిప్పితే బ్లేడు కదలదు. అమరిక తేలిక, పట్టు గట్టిది. అయితే ఒకే కర్రను చీల్చి అందులో బ్లేడు పెట్టడం వల్ల కర్ర తడి పీల్చి ఉబ్బితే కీలు బిగుసుకుపోతుంది. మే నెలలో 45 డిగ్రీల దాకా ఎండి, జులై ముసురులో నానే రామగుండం, వరంగల్ వాతావరణంలో ఈ ఇబ్బంది యూరప్‌లోకన్నా ఎక్కువే ఉంటుంది. అక్కడ వాడే బీచ్ కర్రకు బదులు బాగా ఆరిన టేకు వాడితే చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే టేకు తడికి అంతగా ఉబ్బదు.

మూడోది, ఈ వ్యాసానికి ముఖ్యమైనది, తోక చాకు. జపాన్‌లోని మికి పట్టణంలో 1890లలో రూపం దిద్దుకున్న హిగోనొకామి దీనికి మంచి ఉదాహరణ. స్ప్రింగు లేదు, లాక్ లేదు. బ్లేడు మొదలు నుంచి చిన్న తోక ఒకటి బయటికి పొడుచుకొస్తుంది. బొటనవేలితో దాన్ని నొక్కితే బ్లేడు తెరుచుకుంటుంది. కోస్తున్నంతసేపూ అదే వేలు తోక మీద ఉంటుంది కాబట్టి బ్లేడు మడత పడదు. అంటే లాక్ పని చేసేది మనిషి వేలే. పిడి అంటే మధ్యలోకి మడిచిన ఒక్క రేకు, ఎక్కువగా ఇత్తడిది. కీలు మేకు వదులైతే సుత్తితో ఒక దెబ్బ వేస్తే మళ్లీ బిగుస్తుంది.

బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేవి, గడియ పడేవి కూడా ఉన్నాయి. వాటి ఇబ్బంది చేయడంలో కన్నా చట్టం దగ్గర ఎక్కువ, ఆ సంగతి కింద వస్తుంది.

కోనసముద్రం నుంచి కమాన్ పట్టీ దాకా

ఉత్తర తెలంగాణ ఉక్కు పేరు ఊరికే రాలేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో (లోహం కరిగించే మట్టి పాత్రల్లో) ఉక్కు తీసే తీరును బ్రిటిష్ సర్వేలో పనిచేసిన వైద్యుడు, భూగర్భ పరిశీలకుడు హెన్రీ వాయ్‌సీ రాసిపెట్టాడు. అది 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు. పాశ్చాత్యులు ఊట్జ్ అని పిలిచే మాట మన ఉక్కు అన్న మాట నుంచే వచ్చిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. 2010లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని పరిశోధన సంస్థ నియాస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్) కలిసి ఉత్తర తెలంగాణ జిల్లాల్లో సర్వే చేసి, ఊళ్ల చివర ఇనుప చిట్టెం కుప్పలను, పాత కొలుముల ఆనవాళ్లను నమోదు చేశాయి.

కలల డిజైన్లలో ఈ ఉక్కుకు మొదటి చోటు దక్కడం సహజమే. కాకపోతే రెండు వేరువేరు వస్తువులు ఒకే పేరుతో తిరుగుతున్నాయి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో డమాస్కస్ అని అమ్మే బ్లేడుల్లో ఎక్కువ భాగం రెండు రకాల ఉక్కు పట్టీలను పొరలుగా పేర్చి, కాల్చి, అతికించి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చినవి. కోనసముద్రం రకం ఉక్కులో పొరలు ఉండవు. మూసలో కరిగి గడ్డకట్టిన ఒకే ముద్ద అది. అందులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం. తక్కువ వేడిలో ఓపికగా సాగగొడితే కర్బనం ఎక్కువున్న గట్టి కణాలు వరుసల్లో చేరి గీతలుగా కనబడతాయి. వనేడియం వంటి మూలకాలు లేశమాత్రంగా ఉండటం ఆ వరుసలు కట్టడానికి కారణమని అమెరికాకు చెందిన వెర్హోవెన్, పెండ్రే ప్రయోగాలు చేసి చూపారు. కాబట్టి గీతలున్న ప్రతి బ్లేడూ తెలంగాణ ఉక్కు వారసత్వం కాదు. అలా చెప్పి అమ్మితే కొనేవాడిని మోసం చేసినట్టే.

జేబు చాకుకు ఆ ఉక్కు తగినదేనా అన్నది మరో ప్రశ్న. బ్లేడు వరకు తగినదే, పదును బాగా నిలుస్తుంది. స్ప్రింగుకు పనికిరాదు. అంత కర్బనం ఉన్న సన్నని పట్టీని వేల సార్లు వంచితే విరుగుతుంది. పైగా రెండు మూడు మిల్లీమీటర్ల మందం, ఏడు సెంటీమీటర్ల పొడవున్న చిన్న బ్లేడు మీద ఆ గీతల అందం కత్తి మీద కనిపించినంతగా కనిపించదు.

కొలిమి దగ్గర రోజూ దొరికేది లారీ కమాన్ పట్టీ. అందులో కర్బనం సుమారు 0.6 శాతం. అది పుట్టిందే స్ప్రింగు కోసం. బ్లేడుకు కాస్త మెత్తన, అయినా గట్టి దెబ్బకు పెచ్చు ఊడదు. పాత బేరింగుల ఉక్కులో దాదాపు ఒక శాతం కర్బనం, ఒకటిన్నర శాతం క్రోమియం ఉంటాయి. చిన్న బ్లేడుకు ఇది మేలైన ఉక్కు.

ఒకే పట్టీ నుంచి బ్లేడు, స్ప్రింగు రెండూ ఎలా వస్తాయో కొలిమి దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది. రెండింటినీ అయస్కాంతం పట్టని వేడి దాటేదాకా, అంటే 770 డిగ్రీలు మించి కాల్చి నూనెలో ముంచుతారు. అప్పుడవి గాజులా పెళుసుగా ఉంటాయి. ఒక పక్క రుద్ది మెరుగు తెచ్చి, మళ్లీ నెమ్మదిగా వేడి చేస్తే ఆ మెరుపు మీద రంగులు పాకుతాయి. ముందు ఎండుగడ్డి పసుపు, తర్వాత ఇటుక గోధుమ, తర్వాత వంగపండు ఊదా, చివరికి నీలం. పసుపు దగ్గర, అంటే 220 డిగ్రీల చుట్టుపక్కల ఆపితే అది బ్లేడు. నీలం దాకా, దాదాపు 300 డిగ్రీలకు పోనిస్తే స్ప్రింగు. రంగు మారడానికి పట్టేది క్షణాలే. ఈ చూపు మన కమ్మరులకు ఉంది. వెన్నుస్ప్రింగు చాకులో ఆగేది ఆ తర్వాతి పని, ఆకురాయితో కూర్చే పని.

ఇక తుప్పు. నిమ్మకాయ, పచ్చి మామిడికాయ, చింతకాయ కోస్తే కర్బన ఉక్కు నిమిషాల్లో నీలి బూడిద రంగుకు తిరుగుతుంది. అది పాడవడం కాదు. ఆ పొర కాస్త కాపు కూడా కాస్తుంది. తుడవకుండా మడిచి జేబులో పెడితే మాత్రం ఎర్ర తుప్పు పడుతుంది. కీలులో వంటనూనె పోయడం చాలామంది చేసే పొరపాటు. అది కొన్నాళ్లకు జిగురై కీలును పట్టేస్తుంది. కుట్టుమిషన్ ఆయిల్ ఒక చుక్క చాలు.

పిడికి ఏది మేలు

షెఫీల్డ్ కాలం నుంచి మడత చాకు పిడికి గొప్పగా చెప్పుకునేది దుప్పి కొమ్ము, అదీ మన దేశం నుంచి పోయినదే. 1990ల చివర దాని ఎగుమతి ఆగిపోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిలో రాలిన కొమ్ము ఏరుకుని వస్తువు చేయడమూ నేరమే. కవ్వాల్, ఏటూరునాగారం అడవుల పక్కన ఉన్న జిల్లాల్లో ఈ మాట గట్టిగా చెప్పాల్సిందే. బర్రె కొమ్ముకు ఆ ఇబ్బంది లేదు. వేడి చేసి ఒత్తితే చదునవుతుంది, మెరుగు పెడితే నల్లగా నిగనిగలాడుతుంది. కర్రల్లో చింత చేవ, తుమ్మ చేవ గట్టివి, ఊళ్లో దొరికేవి. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి మాత్రం పిడికి మరీ మెత్తన.

అన్నిటికన్నా ఆశ కలిగించేది ఇత్తడి. జనగామ జిల్లా పెంబర్తి పనివాళ్లు తరతరాలుగా రేకు మీద పనిచేస్తున్నారు. గుడి వాహనాల తొడుగులు, కలశాలు, తోరణాలు అన్నీ రేకును లక్క మీద పరిచి, ఉలితో తట్టి బొమ్మ తేల్చినవే. మికి చాకు పిడి కూడా మడిచిన ఇత్తడి రేకే అన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. వెన్నుస్ప్రింగు చాకుకు పోతపోసి, రంధ్రాలు వేసి, పొరలు కూర్చే ఇత్తడి కావాలి. తోక చాకుకు పెంబర్తిలో ఇప్పటికే చేతికి తెలిసిన రేకు పని సరిపోతుంది. అచ్చంగా దీనికోసం నేర్చుకున్నారా అన్నంత దగ్గరగా ఉన్నాయి ఆ రెండు పనులు.

ఒక జాగ్రత్త. ఉబ్బెత్తు బొమ్మ ఉన్న పల్చని రేకు చేతి ఒత్తిడికి సొట్ట పడుతుంది. చాకు పిడికి మందం రేకే కావాలి, బొమ్మ లోతు తగ్గించి గీత పనిగా పెట్టాలి. తోరణం పిడి అంతా పరుచుకోకుండా కీలు దగ్గర చిన్నగా ఉంటేనే పట్టు నిలుస్తుంది. ఇత్తడి, ఇనుము తడిలో ఆనుకుని ఉంటే ఇనుమే ముందు తుప్పు పడుతుంది కాబట్టి వానాకాలం తుడవడం తప్పదు.

ఒక మనిషి, ఒక ఊరు

షెఫీల్డ్‌లో ఒక చాకును ఒక మనిషి చేసేవాడు కాదు. కొట్టేవాడు ఒకడు, సానపట్టేవాడు ఒకడు, కూర్చేవాడు ఇంకొకడు. జర్మనీలోని సోలింగెన్‌లోనూ అదే తీరు, ఆ ఊరి పేరుకు చట్టం రక్షణ కూడా దొరికింది. వెన్నుస్ప్రింగు లాంటి కష్టమైన పని అక్కడ నిలబడటానికి కారణం ఒక్కో మనిషి ఒక్కో పనిలో ముదిరిపోవడం. మన ఊరి కమ్మరి అలా కాదు, ఊళ్లోని ఇనుప పనంతా ఒక్కడే చూసుకున్నాడు. ట్రాక్టర్ వచ్చాక నాగలి పని పోయింది, కొలుములు తగ్గాయి.

అయినా పని పంచుకునే వీలు ఇప్పుడు లేకపోలేదు. బ్లేడు కొలిమిలో, కీలు రంధ్రం, వాషర్లు లేత్ షాపులో, రేకు పెంబర్తిలో చేయొచ్చు. వరంగల్, కాజీపేట, కరీంనగర్‌లలో లేత్ పని, ఫిట్టర్ పని తెలిసిన ఐటీఐ చదివినవాళ్లకు కొదవ లేదు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం జాబితాలోని 18 వృత్తుల్లో కమ్మరి, సుత్తి పనిముట్లు చేసేవాళ్లు, తాళాలు చేసేవాళ్లు ఉన్నారు. పనిముట్లకు 15 వేల రూపాయల దాకా సాయం, 5 శాతం వడ్డీకి అప్పు అందులో భాగం. తాళాల పనివాళ్లను కమ్మరులతో కలిపి కూర్చోబెడితే వెన్నుస్ప్రింగు చాకు కూడా కొన్నేళ్లకు సాధ్యం కావచ్చు.

చట్టం ఎక్కడ అడ్డం వస్తుంది

జేబులో చాకు ఉంటే పోలీసు కేసు అవుతుందా అన్న టెన్షన్ చాలామందికి ఉంది. 1959 ఆయుధాల చట్టం కింది నియమాలు బ్లేడు 9 అంగుళాలకు మించి పొడవు లేదా 2 అంగుళాలకు మించి వెడల్పు ఉన్న కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవి అందులోకి రావు. మూడు అంగుళాల తోక చాకు ఈ కొలతకు చాలా కింద ఉంటుంది. అయితే ఒక ప్రాంతానికి ప్రత్యేక నోటిఫికేషన్ ఇచ్చే వీలు చట్టంలో ఉంది. ఢిల్లీలో 1980లో అలాగే బటన్ కత్తులపై ఆంక్ష పెట్టారు, అక్కడ బ్లేడు హద్దు 7.62 సెంటీమీటర్లే. ఎన్నికలప్పుడు, ఊరేగింపులప్పుడు స్థానిక ఉత్తర్వులు వేరుగా ఉంటాయి. విమానంలో చేతి సంచిలో ఎంత చిన్న చాకైనా కుదరదు.

చట్టంకన్నా పేరు ఎక్కువ దెబ్బతీస్తుందని ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ చూపిస్తుంది. బటన్ నొక్కితే తెరుచుకునే రాంపురీ చాకు పనిముట్టుగా కాక రౌడీ చేతిలోని ఆయుధంగా జనం నోట్లో పడింది, ఆంక్షలతో ఆ వృత్తి చిక్కిపోయింది. 2023లో ఆ ఊరి కూడలిలో 20 అడుగుల చాకు నిలబెట్టారు, చేసేవాళ్లు మాత్రం కొద్దిమందే మిగిలారు. జపాన్‌లో మికి చాకుకూ ఇలాంటి గతే పట్టింది. ఒకప్పుడు బడిపిల్లలు పెన్సిల్ చెక్కుకున్న ఆ చాకు, 1960లలో పిల్లల చేతుల్లోంచి చాకులు తీసేయాలన్న ప్రచారంతో వెనకబడింది.

వరంగల్ పేరుతో రాబోయే చాకుకు ఇది తొలినాటి నిర్ణయం. మొన సూదిగా ఉండాలా, మొద్దుగా ఉండాలా? బస్తా కుట్టు, పైపు, ఉల్లిగడ్డ, అంటుకొమ్మ, వీటిలో దేనికీ పొడిచే మొన అక్కర్లేదు. వెన్ను కిందికి వంగి వాదరను కలిసే మొద్దు మొన చాలు. అది జేబుకూ క్షేమం, చూసేవాడి కంటికీ పనిముట్టుగానే కనిపిస్తుంది.

ముందు చేసి చూడాల్సింది

ఈ లెక్కలన్నీ కలిపితే తేలే డిజైన్ బొమ్మల్లో ఉన్నంత వైభవంగా ఉండదు. 10 సెంటీమీటర్ల పిడి, మందం ఇత్తడి రేకు ఒక మడత, కీలు దగ్గర బొటనవేలంత తోరణం. ఏడున్నర సెంటీమీటర్ల వాదర, వెన్ను దగ్గర రెండున్నర మిల్లీమీటర్ల మందం, బేరింగు ఉక్కు లేదా కమాన్ పట్టీ, మొద్దు మొన, వేలికి ఆనే తోక. తోక మరీ పొట్టిదైతే వేలు జారుతుంది, పొడుగైతే జేబు చిరుగుతుంది. పదీ పన్నెండు మిల్లీమీటర్ల మధ్య అట్టతో రెండు మూడు రకాలు చేసి రైతు చేతిలో, మార్కెట్ హమాలీ చేతిలో పెట్టి చూస్తే సరైనది తేలుతుంది. కీలుకు ఇత్తడి వాషర్లు రెండు, మేకు ఒకటి. వదులైతే ఏ కొలిమి దగ్గరైనా ఒక దెబ్బతో బిగించుకోవచ్చు.

మూస ఉక్కు బ్లేడు, కొమ్ము పిడి, టక్కుమనే వెన్నుస్ప్రింగు ఉన్న చాకు ఆ తర్వాతి మెట్టు. ముందు ఇలాంటి తోక చాకులు వంద అమ్ముడైతే కొలిమికి, లేత్ షాపుకు, పెంబర్తి రేకు పనికి మధ్య రాకపోకలు మొదలవుతాయి. వెన్నుస్ప్రింగు కూర్చడం నేర్చుకునే కుర్రాడికి ఆ రాకపోకల్లోనే జీతం, చెడగొట్టుకోవడానికి నాలుగు పట్టీలు దొరుకుతాయి.